చలికాలంలో గుర్రాన్ని పొద్దున్నే గరికకి వదలొచ్చా?

నాగావళి_గట్టు: తెల్లవారుజామున గడ్డిలో చక్కెర తక్కువ, అప్పుడు మేపితే గిట్టలకి లామినైటిస్ (గిట్ట లోపలి పొరలు దెబ్బతినే జబ్బు) రాదని ఒకరు. చలిరాత్రి తెల్లారాక అస్సలు వదలొద్దని ఇంకొకరు. విజయనగరంలో ఏది పాటించాలి?

చంపావతి: మొదటిది. పగటి ఎండకి తయారైన చక్కెరని గడ్డి రాత్రి ఎదగడానికి ఖర్చు పెట్టుకుంటుంది. సాయంత్రానికి ఎక్కువ, తెల్లారేసరికి తక్కువ. రాత్రి బాగా చలి పడితేనే ఎదుగుదల ఆగి చక్కెర మిగిలిపోతుంది. పైగా రైగ్రాస్‌లాంటి చలిగడ్డి ఫ్రక్టాన్ అనే చక్కెరని దాస్తుంది. మన గరిక దాచేది పిండిపదార్థం, అదీ ఆకులో ఒక హద్దు వరకే.

రౌతు_77: లంబసింగిలో సున్నాకి పడుతుంది కదండీ!

చంపావతి: అడిగింది విజయనగరం.

రౌతు_77: అరకులో?

కొండగాలి: ఏటి బావూ, గుర్రాన్ని కొండెక్కించే వరకూ ఊరుకోవా?

రౌతు_77: గరిక తప్పు కాదంటే గిట్టలెందుకు పోతున్నాయి మరి?

చంపావతి: బకెట్‌లో చూడండి. ఉడికించిన ఉలవలు, తవుడు, పైన బెల్లం. మెడ మీద కొవ్వు గట్టిగా పేరుకున్న గుర్రానికి తీపి, పిండి పడితే ఇన్సులిన్ పెరుగుతుంది. గిట్టగోడని ఎముకకి పట్టి ఉంచే పొరలు సాగిపోతాయి, ఎముక కిందికి తిరుగుతుంది.

రౌతు_77: మా తాతల నాటి గుర్రాలు ఉలవలే తిన్నాయి!

చంపావతి: తిని పొద్దస్తమానం జట్కా లాగాయి. మీవి పెళ్లి ఊరేగింపులో రెండు గంటలు నిలబడతాయి.

రౌతు_77: నిగనిగలాడకపోతే బేరమెవడిస్తాడు? బక్క గుర్రం మీద పెళ్లికొడుకు ఎక్కుతాడా? నీతులు చెప్పేవాళ్లు దాణా డబ్బులివ్వరు!

చంపావతి: అదీ అసలు సంగతి. గడ్డి మీద ఇంతసేపు ఎందుకు తిట్టుకున్నాం? 250 కిలోల తట్టు గుర్రం లావు తగ్గాలంటే రోజుకి సుమారు 4 కిలోల ఎండుగడ్డి చాలు. గంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. పూటంతా నానితే మన ఎండకి పులుస్తుంది. దాంతోపాటు ఖనిజ మిశ్రమం. బెల్లం బంద్.

నాగావళి_గట్టు: మేతకి వదిలినప్పుడు మూతికి చిక్కం కట్టొచ్చా?

చంపావతి: నూర్పిళ్లప్పుడు ఎద్దుకి కట్టేది వద్దు, అసలు తిననివ్వదు. అడుగున చిన్న కన్నం ఉండాలి, గడ్డికొనలు అందాలి, నీళ్లు తాగగలగాలి.

కొండగాలి: లామినైటిస్ వచ్చేశాక ఏటి సేయాలి?

చంపావతి: ముందుకాళ్లు చాచి వెనక్కి వాలి నిలబడిందా, గిట్టలు వేడిగా ఉన్నాయా, మడమ దగ్గర నాడి గట్టిగా కొట్టుకుంటోందా? వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన వచ్చేలోపే గిట్టలు ఐసునీళ్లలో ముంచండి. చేపల ఐసైనా సరే. రెండు మూడు రోజులు తియ్యొద్దు. కింద మందంగా ఇసుక. నడిపిస్తే రక్తం ఆడుతుందంటారు, నడిపిస్తే ఉన్న పొరలూ చిరుగుతాయి.

రౌతు_77: ఐసు సరే. మాఘమాసం బేరాలు ఒప్పేసుకున్నాను, వాటికేటి సెప్పమంటారు?