షిప్‌లో పడి చెయ్యి విరిగింది, సింగపూర్‌లో లాయర్‌కి ఎంత అవుతుంది?

గణేశ్, టువాస్:
అందరికీ నమస్తే. మాది టెక్కలి దగ్గర పల్లె. నేనొచ్చి నాలుగు నెలలే అయింది. షిప్‌యార్డుకి రిపేరుకొచ్చిన ట్యాంకర్ షిప్పులో గ్రైండింగ్ చేసి దిగుతుంటే ఇనప నిచ్చెన మెట్టు ఊడి పడిపోయాను. మణికట్టు విరిగింది, నెల రోజులు ఎంసీ (డాక్టర్ రాసిచ్చే మెడికల్ లీవ్) ఇచ్చారు. "డార్మ్‌లో (వర్కర్ల హాస్టల్లో) జారిపడ్డానని రాసివ్వు, టికెట్ మేమే కొంటాం, ఇంటికెళ్లి రెస్ట్ తీసుకో" అంటున్నాడు సూపర్‌వైజర్. చాలా టెన్షన్‌గా ఉంది. లాయర్‌కి ఎంత అవుతుందో చెప్పండి.

అప్పలనాయుడు:
తమ్ముడూ, లాయర్ సంగతి తర్వాత. ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకు. 2011లో షిప్పు బల్లాస్ట్ ట్యాంకులో (బరువు కోసం నీళ్లు నింపే ట్యాంకు) స్కాఫోల్డింగ్ పలక జారి నా మోకాలు పోయింది. అంబులెన్స్ పిలవలేదు, లారీలో వేసి కంపెనీ క్లినిక్‌కి తీసుకెళ్లారు. రెండు రోజుల ఎంసీ, తర్వాత లైట్ డ్యూటీ. లైట్ డ్యూటీ అంటే నొప్పితో స్టోర్ రూములో రోజంతా కూర్చోబెట్టడమే. ఏదో కాగితం తెస్తే చదవకుండా సంతకం పెట్టేశాను. ఓ రాత్రి ఇద్దరొచ్చి బ్యాగు సర్దించి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లారు. ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ధైర్యం చేసి "వర్క్ ఇంజురీ, కేసు వేయాలి" అన్నాను. ఆ ఒక్క మాటే నన్ను ఆపింది. తర్వాత ఏడు నెలలు స్పెషల్ పాస్, అంటే కేసు తేలేదాకా ఉండనిచ్చే పాస్. దాని మీద పని చేయకూడదు. లిటిల్ ఇండియాలో టీడబ్ల్యూసీ2 (వలస కార్మికులకు సాయం చేసే సంస్థ) వాళ్లు నాలాంటి వర్కర్లకు ఉచితంగా పెట్టే భోజనంతో బతికాను. ఆ అన్నం మర్చిపోను.

శ్రీనివాస్, జురాంగ్:
గణేశ్, వర్క్ ఇంజురీ కాంపెన్సేషన్ చట్టం ఉంది, అందరూ వికా అంటారు. తప్పు ఎవరిదన్నది అందులో చూడరు. డ్యూటీలో దెబ్బ తగిలితే చాలు, లాయర్ అక్కర్లేదు. ప్రమాదం జరిగిన ఏడాదిలోపు క్లెయిమ్ వేయాలి. ఔట్‌పేషెంట్ ఎంసీకి 14 రోజులు, హాస్పిటలైజేషన్ లీవ్‌కి 60 రోజులు పూర్తి జీతం. ఆపైన మూడింట రెండు వంతులు, ప్రమాదం నుంచి ఏడాది దాకా. లెక్కలో ఓటీ కూడా కలుస్తుంది, పేస్లిప్పులు దాచుకో. ఎంఓఎంకి (సింగపూర్ కార్మిక శాఖకి) కంపెనీ రిపోర్ట్ చేయకపోతే నువ్వే చెయ్యి.

సత్తిబాబు:
శ్రీనివాస్ గారూ, లాయర్ అక్కర్లేదని అందరికీ చెప్పకండి. మెట్టు ఊడిందంటే కంపెనీ చెక్ చేయలేదనేగా? సివిల్ కేసు వేస్తే నొప్పికీ బాధకీ కూడా డబ్బు అడగొచ్చు. మా బావమరిది అలాగే వేశాడు.

శ్రీనివాస్, జురాంగ్:
వేయొచ్చు, కాదనను. కానీ వికా వదులుకోవాలి, రెండూ తీసుకోవడం కుదరదు. కంపెనీ నిర్లక్ష్యాన్ని మీరే నిరూపించాలి. నాలుగు నెలల కుర్రాడికి సాక్ష్యం ఎవరు చెప్తారు? పక్కన పనిచేసేవాడికి వర్క్ పర్మిట్ పోతుందని భయం.

సత్తిబాబు:
సాక్షి లేడని హక్కు వదులుకుంటారా? ఆ నిచ్చెన ఫోటో ఉంటే అదే సాక్ష్యం.

రామారావు, ఫిట్టర్:
ఇవన్నీ యార్డు వాళ్లకి. మాలాగ షిప్పు క్రూలో ఉన్నవాళ్లకి ఎంఎల్‌సీ 2006 (షిప్పు ఉద్యోగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) వర్తిస్తుంది. ఇండియా 2015లో చేరింది. గాయమైతే వైద్యం ఓనర్ ఖర్చే. 2017 నుంచి ఆ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ షిప్పులో అందరికీ కనపడేలా పెట్టాలి. ఎక్కగానే దాన్ని ఫోటో తీసుకోండి.

శ్రీనివాస్, జురాంగ్:
సింగపూర్ జెండా షిప్పయితే క్రూకి కూడా వికా ఉంటుంది రామారావు గారూ.

గణేశ్, టువాస్:
అన్నా, మెట్టు ఫోటో నా దగ్గర లేదు. నాతో దిగిన బెంగాలీ అతను తీశాడు. ఇప్పుడే అడుగుతాను. సంతకం పెట్టలేదు.

అప్పలనాయుడు:
వాట్సాప్‌లో పంపించుకో, తేదీ కనపడేలా. హాస్పిటల్లో "షిప్‌లో పడ్డాను" అనే రాసిందా లేదా చూడు. పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరుంటే చెప్పు. ఆదివారం పదింటికి టెక్కా మార్కెట్ దగ్గరికి రా, నేనూ వస్తాను, టీడబ్ల్యూసీ2 ఆఫీసుకి ఎలా వెళ్లాలో చూపిస్తాను.