ఓపెన్ కిచెన్ మన వంటకి నప్పుతుందా? మధ్య గోడ కట్టించాలా, వద్దా?

కొత్తఫ్లాట్_గోల
మియాపూర్ వైపు రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ తీసుకున్నాం. లోపలి గోడలు ఇంకా లేవలేదు. వంటింటికీ హాలుకీ మధ్య గోడ కట్టాలా వద్దా, ఈ నెలాఖరులోగా చెప్పమన్నారు. వంటిల్లు 8 అడుగులు బై 9. హాలు, డైనింగ్ కలిపి 200 చదరపు అడుగులు. గోడ లేకపోతే ఇల్లు విశాలంగా కనిపిస్తుందని మా ఆయన అంటారు. రోజూ పోపు పెట్టి, ఆదివారం చేపలు వండే ఇంట్లో ఆ పని చేస్తే సోఫాలు కూడా పులుసు వాసన కొడతాయని మా అత్తయ్య అంటారు. ఓపెన్ కిచెన్‌లో రోజూ వండుకునేవాళ్ళు చెప్పండి. ఫొటోలు మాత్రం పెట్టకండి, ఫొటోల్లో అందరి వంటిళ్ళూ బాగానే ఉంటాయి.

ఇటుకా_సిమెంటూ
మీది మివాన్ కట్టడమా, ఇటుక గోడలా? ముందు అది తేల్చుకోండి. పిల్లర్లు, బీముల మీద నిలబడే బిల్డింగ్‌లో లోపలి 4 అంగుళాల గోడ మీద బరువేమీ ఉండదు. తీసినా పెట్టినా ఫరవాలేదు. అల్యూమినియం అచ్చుల్లో పోసే మివాన్‌లో అయితే గోడే కాంక్రీటు, బిల్డింగ్ బరువు మోసేది కూడా గోడే. అందులో ఒక్క అడుగు కోసినా పై అంతస్తులవాళ్ళకీ ముప్పే. ఈమధ్య ఎత్తైన టవర్లలో ఎక్కువగా మివానే కడుతున్నారు. ఇంటీరియర్ కుర్రాడు "కట్ చేసేద్దాం మేడమ్" అంటే తల ఊపకండి, స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగండి.

కొత్తఫ్లాట్_గోల
ఇటుక గోడేనండి, అడిగి తెలుసుకున్నాను.

గుంటూరు_ఘాటు
వద్దు. నా మాట వినండి, వద్దు. ఎండుమిర్చి నూనెలో పడితే పక్క గదిలో నిద్రపోయేవాడు దగ్గుతూ లేస్తాడు. మిర్చిలోని ఘాటు ఆవిరితో కలిసి గొంతులోకి పోతుంది, దానికి తలుపు తప్ప మందు లేదు. వాసన అయితే సాయంత్రానికి పోతుంది అనుకోండి. నూనె పోదు. వేపుడు చేసినప్పుడు లేచే నూనె తుంపర కంటికి కనపడదు కానీ ఫ్యాన్ రెక్కల మీద, కర్టెన్ల మీద, టీవీ వెనక పేరుకుంటుంది. దాని మీద దుమ్ము అంటుకుని జిగురు ముద్దవుతుంది. వంటింటి ఫ్యాన్ ఎప్పుడైనా తుడిచారా? మీ హాలు ఫ్యాన్ కూడా అలాగే తయారవుతుంది. ఓపెన్ కిచెన్ అనేది బ్రెడ్డు కాల్చుకుని తినేవాళ్ళ కోసం.

తెల్లగోడలు
అన్నా, మాది ఓపెన్ కిచెనే. బ్రెడ్డు కాదు, ఉలవచారు కూడా అందులోనే కాస్తాను. మీ పోస్టు అంతా సోఫా గురించి, ఫ్యాన్ గురించే ఉంది. పొయ్యి ముందు నిలబడే మనిషి గురించి ఒక్క ముక్క లేదు. 8 బై 9 గదిలో మే నెలలో రెండు పొయ్యిలు వెలిగించి, కుక్కర్ పెట్టుకుని నిలబడి చూడండి. హాల్లో ఏసీ, వంటింట్లో చెమట. ఆ ఘాటు, ఆ పొగ గోడ పెడితే మాయమైపోవు, ఆవిడ ఒక్కదాని ముక్కులోకే పోతాయి. గోడ తీసేశాక మా ఇంట్లో వచ్చిన మార్పు ఏంటో తెలుసా? కాఫీ కప్పులు ఎవరివి వాళ్ళే సింకులో వేస్తున్నారు. చుట్టాలొస్తే నేను కూడా మాటల్లో ఉంటున్నాను. ఇంతకుముందు నవ్వులు మాత్రమే వినిపించేవి.

అసలు పోస్టు పెట్టినవారిని ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో రోజూ వండేది ఎవరు? అది చెప్పకుండా గోడ గురించి ఏం మాట్లాడతాం?

ముగ్గుబుట్ట
తెల్లగోడలు గారూ, మీ మాట సగం ఒప్పుకుంటాను. మిగతా సగం నా బాధ. మా ఇల్లూ ఓపెనే. బెల్లు మోగిన ప్రతిసారీ నేను చేసే మొదటి పని ప్లాట్‌ఫామ్ తుడవడం. సింకులో గిన్నెలుంటే టెన్షన్. పాలు పొంగితే టెన్షన్. పని మధ్యలో వంటిల్లు చిందరవందరగానే ఉంటుంది, ఉండాలి కూడా. చింతపండు పిసికిన గిన్నె, ఉల్లి పొట్టు, పిండి గరిటె అన్నీ అక్కడే ఉంటాయి. ఇదివరకు తలుపు దగ్గరికి వేస్తే సరిపోయేది. ఇప్పుడు రోజంతా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. ఆ చూపు కింద సర్దుకోవాల్సింది మళ్ళీ నేనే.

డాలస్_పెసరట్టు
ఇక్కడ అమెరికాలో అడిగినా అడగకపోయినా ఓపెన్ కిచెనే ఇస్తారు. మా పాత అపార్ట్‌మెంట్‌లో పొయ్యి పైనున్న మైక్రోవేవ్ ఫ్యాన్ గాలిని బొగ్గు ఫిల్టర్ గుండా లాగి, మళ్ళీ మన మొహం మీదకే వదిలేది. ఇంగువ పోపుకి స్మోక్ అలారం మోగడం, ఒకరు టవల్ ఊపడం, ఇంకొకరు కిటికీ తీయడం, ఇక్కడి తెలుగువాళ్ళందరికీ తెలిసిన కథే. చలికాలం కోట్లు బెడ్‌రూమ్‌లో పెట్టి తలుపేశాకే పోపు వేస్తాం. చివరికి టెక్సాస్ బిల్డర్లే మనవాళ్ళని చూసి, పెద్ద కిచెన్ వెనక తలుపుతో చిన్న 'స్పైస్ కిచెన్' ఇవ్వడం మొదలుపెట్టారు. అది లేనివాళ్ళు గరాజ్‌లోనో పెరట్లోనో పొయ్యి పెట్టుకుంటారు. అంటే ఓపెన్ కిచెన్ పుట్టిన చోటే మనవాళ్ళు డబ్బులిచ్చి గోడ కట్టించుకుంటున్నారు.

తెల్లగోడలు
అక్కా, మీ కథలో తప్పు గోడ లేకపోవడానిది కాదు, పొగని బయటికి పంపని ఫ్యాన్‌ది. మా చిమ్నీకి నేరుగా బయటికి గొట్టం ఉంది.

ఇటుకా_సిమెంటూ
చిమ్నీ మాట వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

డబ్బా మీద గంటకి 1200, 1500 ఘనపు మీటర్లు అని రాస్తారు. అది గొట్టం బిగించకముందు లెక్క. గొట్టం పొడవు పెరిగేకొద్దీ, వంపులు పెరిగేకొద్దీ లాగే శక్తి పడిపోతుంది. 6 అంగుళాల గొట్టం పెట్టాల్సిన చోట 4 అంగుళాలది ఇరికిస్తే మోతే మిగులుతుంది. మీ వంటిల్లు పైకప్పు 10 అడుగులనుకుంటే లోపలి గాలి 720 ఘనపు అడుగులు, అంటే దాదాపు 20 ఘనపు మీటర్లు. గోడ తీస్తే హాలుతో కలిపి 77. ఒక్కసారి పొగ చిమ్నీని తప్పించుకుందంటే, దాన్ని బయటికి తోలడానికి దాదాపు నాలుగింతల గాలి మార్చాలి.

పొగని పొయ్యి మీదే పట్టుకోవాలి. చిమ్నీ పొయ్యికన్నా వెడల్పు తక్కువ ఉండకూడదు, బర్నర్‌కి 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఓపెన్ కిచెన్‌కి అసలు శత్రువు హాల్లోని సీలింగ్ ఫ్యాన్. అది తిరుగుతుంటే పొగ పక్కకి చెదిరిపోతుంది, గ్యాస్ మంట కూడా రెపరెపలాడుతుంది. మన ఎండలకి ఫ్యాన్ ఆపుకుని కూర్చునేవాళ్ళెవరు? చిమ్నీ ఫుల్ స్పీడ్‌లో పెడితే టీవీలో వార్తలు వినపడవు. అందరూ నెమ్మదిగా పెడతారు, పొగ తప్పించుకుంటుంది.

పాతపేపర్లు
ఈ గొడవ మనతో మొదలవలేదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ కార్మికుల ఇళ్ళ కోసం 1.9 బై 3.4 మీటర్ల చిన్న వంటిల్లు గీసింది. అడుగులు లెక్కపెట్టి, చేతికందేలా అన్నీ అమర్చింది. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. ఇవాళ్టి మాడ్యులర్ కిచెన్‌కి అదే మూలం. అది మూసి ఉన్న వంటిల్లే, కానీ హాలువైపు జరిపే తలుపు పెట్టింది, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి. తరవాత వచ్చిన విమర్శ అచ్చం తెల్లగోడలు గారన్నదే: ఆడమనిషిని ఒంటరిగా గదిలో పెట్టేశారని. ఇంకో సంగతి, ఆ రోజులకి తనకి వంట అలవాటు లేదని ఆవిడే తరవాత చెప్పుకుంది!

గుంటూరు_ఘాటు
అదిగో. వండనివాళ్ళు గీసిన వంటింట్లో మనం వండుతున్నాం.

పెరటి_కరివేపాకు
పాత ఇళ్ళలో వంటిల్లు వెనకాల ఉండేది పొగ కోసమే అని అందరూ అంటుంటారు. కట్టెల పొయ్యి పొగ నిజమే. కానీ ఆ గోడకి ఇంకో పని కూడా ఉండేది. మడి, ఎంగిలి, ఎవరు గడప దాటొచ్చు, ఎవరు దాటకూడదు, అవన్నీ ఆ గోడే చూసుకునేది. పని మనిషికి గ్లాసు వేరే పెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అందుకని "మన సంప్రదాయం గోడే" అని ఎవరైనా అంటే నాకు కొంచెం మండుతుంది. గోడ కావాలంటే పొగ పేరు చెప్పి కట్టుకోండి, సంప్రదాయం పేరు వద్దు.

స్టీలు_స్టాండు
నాకు గోడ కన్నా ఆ తెల్లటి వంటిళ్ళంటే భయం. ఓపెన్ చేశాం కదా, హాలుకి మ్యాచ్ అవ్వాలని ప్లాట్‌ఫామ్‌కి తెల్ల క్వార్ట్జ్ రాయి వేయిస్తారు. పసుపు పడిందా, మరక నిలబడుతుంది. పసుపు రంగు ఎండకి వెలుస్తుంది, కానీ ప్లాట్‌ఫామ్‌ని డాబా మీద ఎండబెట్టలేం కదా. వేపుడు నూనె వేడి 170, 190 డిగ్రీల దాకా ఉంటుంది, ఆ మూకుడు దించి నేరుగా పెడితే క్వార్ట్జ్‌లో రాతి పొడిని అతికించే రెసిన్ జిగురు రంగు మారుతుంది. మన చీమకుర్తి నల్ల గ్రానైట్ ఉండగా ఎందుకీ తిప్పలు? ప్రకాశం జిల్లాలో తవ్విన ఆ రాయిని, నలుపులో మెరిసే చుక్కలున్నదాన్ని, ప్రపంచమంతా కొనుక్కుంటోంది. మనం మాత్రం తెలుపు అంటున్నాం.

గోడ తీస్తే తీయండి, స్టీలు స్టాండు మాత్రం దాచకండి. పళ్ళాలు నిలబెట్టి, గ్లాసులు బోర్లించి, గరిటెలు తగిలించి ఉన్న గోడకన్నా నాకు ఏ వాల్‌పేపరూ ఎక్కువ కాదు.

డాలస్_పెసరట్టు
సింగపూర్, మలేసియాల్లో ఘాటు వంటలకి తడి వంటిల్లు, తేలిక పనులకి పొడి వంటిల్లు అని రెండు పెట్టుకుంటారు. మీకు వంటింటి పక్కన యుటిలిటీ బాల్కనీ ఉంటే వేపుళ్ళకి ఒక పొయ్యి అక్కడ పెట్టండి. హాలువైపు ఫ్రిజ్, నీళ్ళ ఫిల్టర్, కాఫీ డికాక్షన్, మజ్జిగ కవ్వం. వచ్చినవాళ్ళు నిమ్మరసం వాళ్ళే కలుపుకుంటారు.

ఇటుకా_సిమెంటూ
యుటిలిటీలో పొయ్యి పెట్టేముందు అసోసియేషన్‌ని అడగండి. గాలికి మంట ఆరిపోతే గ్యాస్ లీకవుతూనే ఉంటుంది. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. అద్దాలతో మూసేసిన యుటిలిటీ అయితే నేల దగ్గర వెంటిలేటర్ లేకుండా ఒప్పుకోకండి.

కొత్తఫ్లాట్_గోల
అందరికీ థ్యాంక్స్. తెల్లగోడలు గారి ప్రశ్నకి జవాబు: వండేది నేనే. మా ఆయన టీ పెడతారు, ఆమ్లెట్ వేస్తారు. ఈ థ్రెడ్ ఇద్దరం కూర్చుని చదివాం. గోడ ఉంటుంది, కానీ నిండుగా కాదు. ప్లాట్‌ఫామ్ పైన 4 అడుగుల వెడల్పున జరిపే అద్దం కిటికీ, దానికి హాలువైపు బల్ల. టీ కెటిల్, కాఫీ, మజ్జిగ, నీళ్ళ ఫిల్టర్ అన్నీ ఆ బల్ల దగ్గరే, అంటే ఆయన వైపే. వంటింట్లో గోడ ఫ్యాన్ పెట్టించడానికి కూడా ఒప్పించాను. రాయి నల్లదే.

తెల్లగోడలు
కిటికీ అయితే అందుకునే చెయ్యి బయట, అందించే చెయ్యి లోపల. నేనైతే గోడ తీసేదాన్ని. అయినా మీ ఇల్లు మీ ఇష్టం అక్కా, బల్ల ఆయన వైపు పెట్టడం మాత్రం నచ్చింది.

గుంటూరు_ఘాటు
అద్దం మూసి వేపండి.

ఇటుకా_సిమెంటూ
కిటికీకి టఫెన్డ్ అద్దం, అంటే గట్టిపరిచిన అద్దం వేయించండి. అద్దం జరిగే పట్టా కింద కాకుండా పైన ఉండి, అద్దం దానికి వేలాడేలా పెట్టించండి, కింద గాడి ఉంటే నూనె, పిండి చేరి బిగుసుకుపోతుంది. టైల్స్ వేసేలోపే బయటి గోడకి 6 అంగుళాల గొట్టం పట్టేంత రంధ్రం కొట్టించి, చిమ్నీకి ప్లగ్ పాయింట్ 7 అడుగుల ఎత్తులో పెట్టించండి. తరవాత అంటే టైల్ పగలగొట్టాలి.