పిలాతు కాలపు రోమన్ సైనికుడి తలపై ఏ శిరస్త్రాణం? నకళ్లు కొన్నవారు, చేయించినవారు చెప్పండి

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చి ఆవరణలో వేసే శ్రమల నాటకానికి ఈసారి ఆహార్యం బాధ్యత నాకు అప్పగించారు. ఇన్నాళ్లూ సైనికులకు అట్టతో టోపీలు చేసి, బంగారు కాగితం అంటించి, పైన ఎర్ర కుచ్చు గుచ్చి నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఒక దాత ముందుకొచ్చి, లోహంతో చేసినవే కొందామన్నారు. వెతికితే మీరట్‌లోనూ దెహ్రాదూన్‌లోనూ తయారైన నకళ్లు బోలెడు కనిపించాయి. అక్కడే చిక్కు వచ్చింది. ఒకదానికి నుదుటి మీద కనుబొమల్లాంటి ఉబ్బు నగిషీ ఉంది. ఇంకొకదానికి నెత్తిన శిలువ ఆకారంలో రెండు పట్టీలున్నాయి. మూడోది ఏ నగిషీ లేని ఇత్తడిది. అన్నిటి కిందా రాసింది మాత్రం ఒకటే: 'రోమన్ శతాధిపతి శిరస్త్రాణం, మొదటి శతాబ్దం'. మా పాస్టర్ గారు ఆ శిలువ పట్టీలదాని మీద మనసు పడ్డారు. యేసుకు శిలువ శిక్ష వేసిన రోమన్ అధిపతి పిలాతు కాలానికి ఏది సరిపోతుంది? చూసి కాలం గుర్తుపట్టడం ఎలా?

రైన్‌గట్టు:
పాస్టర్ గారిని నొప్పించకుండా ఎలాగో నచ్చజెప్పి ఆ పట్టీలదాన్ని పక్కన పెట్టించండి. పిలాతు యూదయలో అధిపతిగా ఉన్నది క్రీ.శ. 26 నుంచి 36 వరకు. నెత్తి మీద అడ్డపట్టీలు వచ్చింది ఆ తరువాత దాదాపు డెబ్బై ఏళ్లకు. ట్రాజన్ చక్రవర్తి ఇప్పటి రుమేనియా ప్రాంతమైన డేసియా మీద 101–102లో ఒకసారి, 105–106లో మరోసారి యుద్ధం చేశాడు. డేసియన్ల చేతిలో ఫాల్క్స్ అనే ఆయుధం ఉండేది. కొడవలిలా లోపలి అంచుకు పదునుండే పొడవాటి కత్తి, రెండు చేతులతో పట్టి పై నుంచి వేసేవారు. ఆ దెబ్బకు నెత్తి చీలకుండా ఇనుప పట్టీలు రెండు అడ్డంగా, నిలువుగా బిగించారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. డేసియాలోని బెర్జోబిస్‌లో దొరికిన శిరస్త్రాణానికి ఈ పట్టీలు తరువాత బిగించినవే. అంటే అప్పటికే వాడుకలో ఉన్నదానికి చేసిన మరమ్మతు అది. తరువాత తయారైనవాటికి పట్టీలు మొదటి నుంచే ఉంటాయి.

మీకు చూపిస్తున్నది బహుశా హెబ్రోన్ ప్రాంతపు గుహలో దొరికినదానికి నకలు. అసలుది జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. ఇనుప డొప్ప, ఇనుప పట్టీలు, వాటి మధ్య ఖాళీల్లో పసుపు లోహపు నెలవంకలు. చూడముచ్చటైన వస్తువే. యూదయలోనే దొరికింది కాబట్టి అమ్మేవాళ్లు దానికి 'యేసు కాలపు' అని తగిలిస్తారు. నిజానికి దాన్ని 132లో రోమ్ మీద యూదులు మొదలుపెట్టిన బర్ కోఖ్బా తిరుగుబాటుతో ముడిపెడతారు. చోటు సరిగ్గానే ఉంది, కాలం వందేళ్లు తప్పింది.

పాతఇనుము:
కనుబొమలున్నది 'ఇంపీరియల్ గాలిక్ జి' అయి ఉంటుంది. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే రోమన్ నకలు అదే. నా దగ్గరా ఒకటుంది. ఈ అక్షరాల వర్గీకరణ లండన్ టవర్ ఆయుధశాలలో పనిచేసిన రస్సెల్ రాబిన్సన్ 1975లో చేసినది. గాలిక్ ఎ, బి, సి అంటూ ఒక వరుస, ఇటాలిక్‌కు మరో వరుస. జర్మనీ వైపు పండితులు దొరికిన ఊరి పేరుతో పిలుస్తారు: వైసెనావ్, హాగెనావ్, నీడర్‌బీబర్. అందుకే ఒకే వస్తువు రెండు పేర్లతో కనిపిస్తుంది, కంగారు పడకండి.

జి నమూనా మొదటి శతాబ్దం మధ్యది. క్లాడియస్, నీరో చక్రవర్తుల కాలాలకు బాగా నప్పుతుంది. పిలాతు తరువాత ఓ పదిహేను ఇరవై ఏళ్లకు జరిగిపోయినట్టే. ఆ ఇనుప రకం పుట్టుక మాత్రం అంతకు ముందే, అగస్టస్ చక్రవర్తి కాలంలోనే. తొలి నమూనాలకు చెవుల పైన విడిగా అతికించిన రేకు ఉండదు. తరువాతివాటికి ఉంటుంది. కొనేటప్పుడు మొదట చూడవలసింది అది.

రెండోది మెడ రక్ష. పాతవాటిలో అది చిన్నదిగా, దాదాపు నేలకు సమాంతరంగా బయటికి చాచి ఉంటుంది. కాలం గడిచేకొద్దీ వెడల్పు పెరిగి, కిందికి వాలి, వీపు మొదలును కూడా కప్పుతుంది. రెండో శతాబ్దపు ఇటాలిక్ రకాల్ని పక్క నుంచి చూస్తే డొప్ప కంటే మెడ రక్షే పెద్దదా అనిపిస్తుంది. ఫొటోలో ముందు వైపు మాత్రమే చూపించే అమ్మకందారును నమ్మకండి. పక్క నుంచి తీసిన ఫొటో అడగండి.

రంగస్థలి:
నేను ముప్ఫై ఏళ్లుగా నాటకాలు ఆడిస్తున్నవాణ్ణి. పదో వరుసలో కూర్చున్నవాళ్లకు మెడ రక్ష వాలు కనిపిస్తుందా? ఎర్ర తురాయి కనిపిస్తేనే 'అదిగో రోమన్ సైనికుడు' అంటారు. అది తీసేస్తే ఏదో అగ్నిమాపక దళం వచ్చిందనుకుంటారు. పైగా ఆ ఇనుప నకలు రెండు కిలోల దాకా తూగుతుంది. ఎండలో రెండు గంటలు మోయాల్సింది పాతఇనుము గారు కాదు, ఇంటర్ చదివే పిల్లలు.

పాతఇనుము:
బరువు గురించి ఒప్పుకుంటాను. తురాయి గురించి ఒప్పుకోను.

రైన్‌గట్టు:
తురాయి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సీజర్ తన గాలిక్ యుద్ధ వ్యాఖ్యల్లో క్రీ.పూ. 57 నాటి సాబిస్ నది పోరు గురించి రాస్తూ, శత్రువు ఎంత హఠాత్తుగా మీద పడ్డాడంటే అలంకారాలు తగిలించుకోవడానికే కాదు, శిరస్త్రాణాలు పెట్టుకోవడానికీ డాళ్ల గవుసెనలు తీయడానికీ కూడా సమయం లేకపోయిందంటాడు. అంటే ఆయన కాలంలో పోరుకు ముందు తగిలించుకునే అలంకారాలు ఉన్నాయి. ట్రాజన్ విజయస్తంభం మీద పోరాడే సైనికుల తలలపై తురాయి లేదు, నెత్తిన చిన్న రింగు ఉంది. రంగు మాటకొస్తే, గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ తన నాటి సైనికులు ఊదా లేదా నలుపు ఈకలు మూడు, మూరెడు ఎత్తున పెట్టుకునేవారని రాశాడు. అది క్రీ.పూ. రెండో శతాబ్దం. అందరికీ ఒకే ఎర్ర గుర్రపు వెంట్రుకల కుచ్చు అనేది సినిమాలు పెట్టిన అలవాటే ఎక్కువ.

శతాధిపతికి మాత్రం తురాయి అడ్డంగా, ఒక చెవి నుంచి ఇంకో చెవి వైపు ఉండేదని రోమన్ సైన్యం గురించి రాసిన వెజీషియస్ చెబుతాడు. వియన్నాలో ఉన్న టైటస్ కాలిడియస్ సెవెరస్ అనే శతాధిపతి సమాధిరాయి మీద అలాంటిదే స్పష్టంగా చెక్కి ఉంది. కాబట్టి రంగస్థలి గారి కోరిక తీరే దారి ఒకటుంది. 'నిజముగా ఈయన దేవుని కుమారుడు' అని చెప్పే శతాధిపతి ఒక్కడికే అడ్డ తురాయి పెట్టండి. మిగతావాళ్లకు వద్దు. వేదిక మీద అధికారి ఎవరో చెప్పకుండానే తెలుస్తుంది.

రంగస్థలి:
ఇది బాగుంది. అయినా ఎరుపే పెట్టండి.

సుత్తీదాగలి:
నేను ఇత్తడి, ఇనుప రేకు పని చేస్తాను. కొన్ని నకళ్లు బాగుచేసి ఇచ్చాను కాబట్టి తయారీ వైపు నుంచి నాలుగు మాటలు. కొనే ముందు డొప్పను తిరగేసి లోపల వేలితో తడమండి. నడినెత్తి మీదుగా ముందు నుంచి వెనక్కి సన్నని గట్టులాంటి గీత తగిలితే, రెండు సగాలు విడిగా నొక్కి వెల్డింగు చేసి, పైన గ్రైండింగు పట్టి మెరుగు పెట్టారన్నమాట. పై నుంచి ఎంత చూసినా కనబడదు. మొదటి శతాబ్దపు రోమన్ కమ్మరి ఒకే రేకును కాల్చి, సుత్తితో కొట్టి లోతు తెచ్చేవాడు. రెండు ముక్కల డొప్ప, మధ్యలో నిలువు శిఖ పట్టీ అనేది నాలుగో శతాబ్దపు పని.

నా దగ్గరికి వచ్చిన ఒక నకలు సంగతి చెబుతాను. తెప్పించుకున్నాయన వాపోయాడు, మొదటి వాడకంలోనే చెంపరేకు ఊడి చేతికొచ్చిందట. చూస్తే మడతబందు సన్నని ఇత్తడి తగరం, లోపలి సీల మేకు కంటే సన్నం, రివిట్లు అల్యూమినియంవి. పైన ఇత్తడి రంగు పూత. డొప్ప మాత్రం 18 గేజ్, అంటే 1.2 మిల్లీమీటర్లు, బాగానే ఉంది. ఖర్చంతా కనిపించే చోట పెట్టి, కదిలే చోట మిగుల్చుకున్నారు. బందులు రెండూ మార్చి, రాగి రివిట్లు కొట్టాక ఇప్పటికీ వాడుతున్నాడు. 20 గేజ్ తీసుకుంటే బరువు తగ్గుతుంది, నాటకానికి అది చాలు.

ఇంకొకటి. నకళ్లలో లోపల ప్లాస్టిక్ బిగింపు, గడ్డం కింద బకిల్ పెడుతున్నారు. అసలువాటిలో మెడ రక్ష కింద ఒక రింగు, చెంపరేకుల మీద ఒక్కో కొక్కెం లేదా రింగు ఉంటాయి. వెనక నుంచి తోలు తాడు తెచ్చి గడ్డం కింద ముడి వేసేవారు. ఇలా కడితే తల ఊపినా డొప్ప కదలదు. లోపల ఉన్ని లేదా గోనె మెత్త వేసుకుంటే సరి. కోస్తా గాలికి ఇనుము వారంలో తుప్పు పడుతుంది, నూనె గుడ్డతో తుడవడం మరవకండి.

లెస్టర్‌వాసి:
ఇక్కడ ఇంగ్లండ్‌లోని హార్బరో మ్యూజియంలో హాలటన్ శిరస్త్రాణం ఉంది. దగ్గరి పొలంలో నాణేల గుంపుతో పాటు ముక్కలు ముక్కలుగా దొరికింది. బంగారు పూత వెండి తాపడం, అశ్వికుడిది. మీ నాటకానికి పనికిరాదు కానీ ఒక మాట చెప్పాలనిపించింది. అసలుదాని పక్కన, కొత్తగా ఉన్నప్పుడు ఇలా ఉండేదని చేసిన నకలు చూస్తే కళ్లు చెదురుతాయి. అసలుదాన్ని చూస్తే గోధుమ రంగు పెళ్ల. నకలు తక్కువదని కొట్టిపారేసేవాళ్లు ఒకసారి ఈ రెంటినీ చూడాలి.

పాతఇనుము:
అశ్వికుల కవాతు శిరస్త్రాణాల దారి వేరండీ. ముఖం మొత్తం కప్పే ముసుగులు, గిరజాల జుట్టు, దేవతామూర్తులు. 2010లో ఇంగ్లండ్‌లో కంబ్రియాలోని క్రాస్‌బీ గారెట్ దగ్గర దొరికినది వేలంలో ఇరవై రెండు లక్షల పౌండ్లకు పైగా పలికింది. వాటితో సామాన్య సైనికుడి కాలం లెక్క కట్టలేం.

కృష్ణాతీరం:
చాలా సంగతులు తెలిశాయి. అయితే కనుబొమలదీ కాదు, పట్టీలదీ కాదు అంటే మిగిలింది ఆ ఇత్తడిదేనా? మరీ బోసిగా ఉంది. అందరికంటే చవక కూడా. దాన్ని కాలానికి సరిపోయేదని ఎలా చెబుతాం?

రైన్‌గట్టు:
ఆ చవకదే మీకు కావలసింది. రాబిన్సన్ దాన్ని కూలుస్ అన్నాడు, జర్మనీవాళ్లు హాగెనావ్ అంటారు. బోర్లించిన గిన్నెలాంటి డొప్ప, నడినెత్తిన చిన్న బొడిపె, వెనక చదునైన మెడ రక్ష, ముందు నుదుటికి అడ్డంగా విడిగా బిగించిన పట్టీ. ఆ పట్టీ కత్తి దెబ్బ ముఖం మీదికి జారకుండా ఆపుతుంది. దీనికి తాత మోంటెఫోర్టినో రకం, గాల్ జాతుల నుంచి క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో వచ్చి మూడు వందల ఏళ్లకు పైగా నిలిచింది. హాగెనావ్ రకం క్రీ.శ. మొదటి శతాబ్దం సగం దాకా సైనికుల తలల మీద ఉంది. పిలాతు కాలం దాని వాడకం మధ్యలోనే పడుతుంది.

పైగా యూదయలో అప్పుడు లెజియన్, అంటే రోమన్ పౌరులతో కూడిన పెద్ద సైన్యదళం, లేదు. లెజియన్లు సిరియాలో ఉండేవి. పిలాతు చేతి కింద ఉన్నవి సహాయక దళాలు. యూదు చరిత్రకారుడు జోసిఫస్ ప్రకారం క్రీ.శ. 44 నాటికి కైసరయ, సెబాస్తె పట్టణాలవాళ్లతో ఒక అశ్విక దళం, అయిదు పదాతి దళాలు ఉన్నాయి. అంటే మీ నాటకంలో కాపలావాళ్లు రోమ్ నుంచి దిగినవాళ్లు కాదు, చాలావరకు పక్క ఊళ్లవాళ్లు. అలాంటి దళానికి సాదా రకం ఇవ్వడమే సహజం. పాతబడిన సరుకు ఇచ్చినా ఆశ్చర్యం లేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక కూలుస్ శిరస్త్రాణం మెడ రక్ష మీద నలుగురు యజమానుల పేర్లు చుక్కలుగా పొడిచి ఉన్నాయి. ఒకరి తరువాత ఒకరు వాడుకున్నారన్నమాట.

పాతఇనుము:
ఆ నాలుగు పేర్ల మాట ముఖ్యం. రకం ఎప్పుడు మొదలైందన్నది ఒకటి, ఎన్నాళ్లు వాడారన్నది ఇంకొకటి. నదుల్లో దొరికినవాటికి తేదీ చెప్పే పొరలు ఉండవు, ఆకారం పోల్చి అంచనా వేస్తారు. గట్టి ఆధారం దొరికేది ఒక్క దెబ్బకు ధ్వంసమైన చోట్లే. జర్మనీలో క్రీ.శ. 9 నాటి కాల్‌క్రీజ యుద్ధభూమి, 259–260లో కూలిన నీడర్‌బీబర్ కోట లాంటివి. అందుకే ఏ అమ్మకందారైనా 'క్రీ.శ. 33 నాటిది' అని ఖచ్చితంగా రాస్తే నవ్వుకుని ముందుకు సాగండి.

సుత్తీదాగలి:
కృష్ణాతీరం గారూ, హాగెనావ్ రకమైతే మీరట్ దాకా వెళ్లనక్కరలేదు. మన కంచరివాళ్లు చేయగలిగిన పనే. డొప్ప ఇత్తడి రేకుతో సాగదీస్తారు. రోమన్లు కూడా ఈ రకాన్ని కొన్నిసార్లు తిరుగుడు పట్టెడ మీద నొక్కి చేశారు, లోపల గుండ్రని గీతలు కనిపిస్తాయి. కాబట్టి మనవాళ్లు లేతు మీద తిప్పినా తప్పు లేదు. చేయించేటప్పుడు మూడు విషయాలు పట్టుబట్టండి. మెడ రక్షను విడిగా అతకొద్దు, డొప్ప రేకులోంచే మలచాలి. నుదుటి పట్టీని ఇరుపక్కలా ఒక్కో రివిట్‌తో డొప్పకు అంటకుండా కొద్దిగా ఎడంగా నిలపాలి. చెంపరేకుకు కంటి దగ్గర, నోటి దగ్గర రెండు వంపులు తప్పనిసరి. ఆ వంపుల్లేకపోతే మీ నటుడి మాట బయటికి రాదు.

తల కొలత తీసేటప్పుడు మెత్త మందం కలపండి. లేకపోతే డొప్ప నెత్తి మీద నిలబడుతుంది, దిగదు.

కృష్ణాతీరం:
అయితే అయిదు ఇత్తడివి ఇక్కడే చేయిస్తాను. శతాధిపతికి కూడా అదే రకం, పైన అడ్డ తురాయి, రంగస్థలి గారి మాట ప్రకారం ఎరుపు. ఆదివారం పాస్టర్ గారితో మాట్లాడతాను. చెంపరేకు కొలతలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, కంచరి అడుగుతున్నాడు.

పాతఇనుము:
నా దగ్గర హాగెనావ్ నకలు కూడా ఉంది. చెంపరేకును కాగితం మీద పెట్టి గీసి, పక్కన స్కేలు ఉంచి ఫొటో పెడతాను. కాకపోతే మీ పిల్లల ముఖాలు సన్నవైతే వెడల్పు ఓ అర అంగుళం తగ్గించమనండి.