జైసల్మేర్‌లో జనం లేని ఇసుక తిన్నెలు: ఎక్కడ, ఏ వేళలో, ఎలా తీయాలి?

పెన్నాతీరం:
జనవరి ఆఖరి వారంలో జైసల్మేర్ వెళ్తున్నాం. చేతిలో రెండు రాత్రులున్నాయి. ఆ ఊరి దగ్గరి సామ్ తిన్నెల ఫోటోలు ఏవి చూసినా ఒంటెలు, జీపులు, అడుగుల గుర్తులే. నాకు ఖాళీ తిన్నె, దాని అంచు, ఇసుక మీద గాలి గీసిన చారలు కావాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా బాడీ, 24-105, 70-200 లెన్సులు, ట్రైపాడ్ ఉన్నాయి. సామ్ కాకపోతే ఎక్కడికి వెళ్లాలి? ఉదయం మంచిదా, సాయంత్రమా? ఇసుక నుంచి కెమెరాను ఎలా కాపాడుకోవాలి?

గోదారిగట్టు:
ఖురీ వెళ్లండి. జైసల్మేర్‌కు నైరుతిగా దాదాపు గంట ప్రయాణం. అక్కడా క్యాంపులు ఉన్నాయి గానీ సామ్ అంత తాకిడి ఉండదు. ఊళ్లోనే బస చేస్తే తెల్లవారుజామున కారు కోసం చూడాల్సిన పని లేదు. క్యాంపుల ముందున్న తిన్నెను వదిలేసి కనీసం ఒకటి రెండు కిలోమీటర్లు నడవండి. ఒంటెల సవారీ అంత దూరం రావడం తక్కువ.

ఇంత దూరం ఎందుకంటే, థార్‌లో ఇసుకను కదిలించే బలమైన నైరుతి గాలి ఏప్రిల్ నుంచి జూలై దాకా వీస్తుంది. చలికాలంలో గాలి నెమ్మది. అందుకే జనవరిలో పడిన అడుగు రోజుల తరబడి చెరగదు. మనుషులు తొక్కిన తిన్నె తెల్లారేసరికి కొత్తగా మారిపోతుందనుకోవద్దు. మధ్యాహ్నం చారల మీద ఇసుక పొగలా పాకడం కనిపిస్తే మాత్రం ఆ సాయంత్రం మీది.

మాఘ పౌర్ణమితో ముగిసేలా జైసల్మేర్‌లో మరు మహోత్సవం (డెజర్ట్ ఫెస్టివల్) జరుగుతుంది. మీ తేదీలు దానితో కలిస్తే సామ్ వైపు చూడనే వద్దు. ఆ ప్రాంతంలో చాలా భాగం డెజర్ట్ నేషనల్ పార్కు పరిధి, పైగా సరిహద్దు దగ్గర. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి. దారి వదిలి జీపు తోలమని డ్రైవర్‌ను అడగొద్దు. మన రోళ్లపాడు అభయారణ్యంలో దాదాపు కనుమరుగైన బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఆ గడ్డి నేలలే ప్రధానంగా మిగిలిన ఆసరా.

వెలుగునీడ:
వెలుతురు సంగతి నేను చెబుతాను. అక్కడ జనవరి ఆఖర్లో సూర్యోదయం ఏడున్నర ప్రాంతంలో, అస్తమయం ఆరుంపావు దాటాక. మన ఊళ్ల లెక్కన ఐదున్నరకే వెళ్లి చలిలో కూర్చోనక్కర్లేదు. ఆరుముప్పావుకు తిన్నె దగ్గరుంటే చాలు.

నైరుతి గాలికి పేరుకున్న తిన్నెకు నైరుతి వైపు 10-15 డిగ్రీల నిదానమైన ఏటవాలు ఉంటుంది. ఈశాన్యం వైపు 32-34 డిగ్రీల జారుడు వాలు. సాయంత్రం సూర్యుడు పడమటి-నైరుతిలో దిగుతాడు కాబట్టి జారుడు వాలు నాలుగున్నరకల్లా పూర్తిగా నీడలో పడుతుంది. తిన్నె ఆగ్నేయపు కొస దగ్గర నిలబడి వాయవ్యం వైపు చూస్తే ఎడమ బంగారం, కుడి చీకటి, మధ్యలో కత్తి అంచులాంటి గీత. చారలు మాత్రం ఆఖరి గంటలోనే లేస్తాయి, అంతకు ముందు చదునుగా కనిపిస్తాయి.

ఎక్స్‌పోజర్: ఎండలో మెరిసే ఇసుకను కెమెరాలోని వెలుతురు మీటర్ బూడిద రంగుకు దించేస్తుంది, అందుకని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +0.7 నుంచి +1 పెట్టండి. ఫ్రేమ్‌లో సగం నీడ చేరాక ఇది తిరగబడుతుంది. అప్పుడు సున్నాకో, -0.3కో రండి. ఇంకొకటి, నారింజ వెలుతురులో ముందు తెగిపోయేది ఎరుపు ఛానల్. మామూలు హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్) బాగానే ఉందని చూపిస్తుంది, ఇసుకలో వివరం పోయి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడండి. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ బంగారాన్ని కడిగేస్తుంది, 5200-5500 కెల్విన్ దగ్గర కట్టేయండి.

చారలకు 24 ఎంఎం, ఎఫ్/11, ఫోకస్ 1.8 మీటర్ల దగ్గర పెడితే ముందు 0.9 మీటర్ నుంచి దూరపు తిన్నె దాకా పదును వస్తుంది. వంగి నేలకు దగ్గరగా పట్టుకోండి.

పెన్నాతీరం:
అయితే ఉదయం వెళ్లడం దండగేనా అన్నా?

వెలుగునీడ:
కాదు. ఉదయం సూర్యుడు తూర్పు-ఆగ్నేయంలో వస్తాడు, జారుడు వాలు మీద పక్కగా వెలుగు పాకుతుంది. ఇసుక జారిన నాలుకలు, బీటిల్ పురుగుల జాడలు అప్పుడే కనిపిస్తాయి. 70-200తో 150 ఎంఎం దాటి, తిన్నెల వరుసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు తీయండి. ముందు కిందనుంచి వైడ్ ఫ్రేములన్నీ ముగించాకే పైకెక్కండి. ఎక్కేటప్పుడు కూడా ఫ్రేమ్‌కు ఆవలి వైపు చుట్టు తిరిగి వెళ్లాలి. జారుడు వాలు మీద ఒక్క అడుగు వేస్తే కింద దాకా ఇసుక జారి మచ్చ పడుతుంది, దాన్ని ఎడిటింగ్‌లో తీయడం చాలా కష్టం.

మరమ్మతు బల్ల:
సామాన్ల గురించి. తిన్నెల మీద లెన్స్ మార్చొద్దు, అంతే. 24-105 జూమ్ చేసినప్పుడు గొట్టం బయటికొస్తుంది. దాని మీద పడ్డ ఇసుకతో వెనక్కి తిప్పితే రేణువులు లోపలికి పోయి కరకరమంటాయి. బ్లోయర్‌తో ఊదాకే లోపలికి తిప్పండి. గాలి ఉన్న రోజు, మీ 70-200 లోపలే జూమ్ అయ్యే రకమైతే దాన్నే వాడండి. బాడీకి పాలిథిన్ సంచి తొడిగి లెన్స్ దగ్గర రబ్బరు బ్యాండు వేస్తే సరిపోతుంది. ముందే గుడ్డతో లెన్స్ అద్దం తుడవొద్దు. ఇసుకలోని క్వార్ట్జ్ పూతను గీస్తుంది. ఊదడం, బ్రష్, చివరగా గుడ్డ.

ట్రైపాడ్ అడుగు భాగాన్ని ముందు పొడిగించండి, లాక్ ఇసుకకు పైన ఉంటుంది. కాళ్లు గట్టిగా దిగే దాకా నొక్కాలి, లేకపోతే ఎక్స్‌పోజర్ మధ్యలో కుంగుతాయి. రాత్రి కాళ్లు విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ముందు నూనె పెడితే ఇసుక ఇంకా అంటుకుంటుంది.

గోదారిగట్టు:
నిండు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు తప్పనిసరి. అక్కడ భురుట్ అనే గడ్డి ముళ్ల గింజలు ఉన్ని సాక్సులకు పట్టుకుంటే వదలవు, చిన్న పట్టకారు జేబులో పెట్టుకోండి. బ్యాగును గడ్డి దగ్గర నేల మీద పెట్టొద్దు. చీకట్లో తిరిగి రావడానికి బయల్దేరేటప్పుడే ఫోన్‌లో బస స్థానాన్ని ఆఫ్‌లైన్ మ్యాపులో గుర్తు పెట్టండి. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, రెండోది లోపలి జేబులో ఉంచండి.