0.32 రివాల్వర్‌కి ఇంత మసి ఎందుకు? తూటాలోని మందు నాసిరకమా, అసలు రౌండే (తూటాయే) అంతా?

కావలి_రెడ్డి:
నాది లైసెన్సు ఉన్న 0.32 రివాల్వర్. మా బావమరిదిది 0.32 పిస్టల్. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పజెప్పిన వాటిని ఇద్దరం తెచ్చుకున్నాక రేంజికి వెళ్లి కాల్చాం. వాడి పిస్టల్‌ని చిందీ గుడ్డతో రెండుసార్లు లాగితే శుభ్రమైపోయింది. నా రివాల్వర్‌లో రౌండ్లు కూర్చునే సిలిండర్ ముందు భాగం మాత్రం నల్లగా మాడిపోయింది, బారెల్లో పసుపుపచ్చ పలుకులు కూడా మిగిలాయి. కొలత, అంటే బారెల్ వెడల్పు, ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకుండాలి? నా రౌండ్లలో మందు నాసిరకం అని నేనంటా. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాత_ఆర్మరర్_నెల్లూరు:
కొలత ఒకటే అన్న దగ్గరే తేడా వచ్చింది రెడ్డిగారూ. రెండూ 0.32 అని పిలుస్తాం గానీ రౌండ్లు వేరు. మీది స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, 1896 నాటిది. పాత నల్ల తుపాకిమందు కాలంలో పుట్టింది కాబట్టి పాత రివాల్వర్లు తట్టుకునేలా ఒత్తిడిని తక్కువగానే ఉంచారు. అమెరికా ప్రమాణం ప్రకారం చదరపు అంగుళానికి 15,000 పౌండ్లు దాని గరిష్ఠం. మీ బావమరిది రౌండ్‌ది 20,500. మేం డ్యూటీలో వాడిన 9 ఎంఎం అయితే 35,000. ఒత్తిడి తక్కువైతే మందు పూర్తిగా మండదు. మీరు చూసిన పసుపు పలుకులు అవే.

ఇంకోటి చూడండి. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టం, అదే ఖాళీ కేసు, బయటివైపు మసి ఉందా? ఒత్తిడి చాలనప్పుడు ఇత్తడి ఉబ్బి, రౌండ్ కూర్చునే ఛాంబర్ గోడకు అతుక్కోదు. ఆ సందులోంచి పొగ వెనక్కి వస్తుంది. రివాల్వర్‌కి సిలిండర్, బారెల్ మధ్య ఎలాగూ సందు ఉంటుంది, సిలిండర్ ముందు నలుపు దాని పుణ్యమే.

సూళ్లూరుపేట_కుర్రాడు:
సార్ చెప్పింది నిజం. ఒత్తిడి పెరిగేకొద్దీ మందు మండే వేగం పెరుగుతుంది. పక్కనే శ్రీహరికోటలో ఘన ఇంధనం నింపే ఎస్200 రాకెట్ బూస్టర్‌కీ ఇదే సూత్రం, మందు మాత్రం వేరు. తూటాలోది నైట్రోసెల్యులోజ్. అందులో ఉన్న ఆక్సిజన్ దాని కార్బన్ మొత్తానికి సరిపోదు, కాబట్టి ఎంత మంచి మందైనా కొంత కార్బన్ మోనాక్సైడ్, కాస్త మసి తప్పవు.

ఒంగోలు_షూటర్:
అందరూ ఒత్తిడి ఒత్తిడి అంటున్నారు. నేను ఒప్పుకోను. నేను ప్రాక్టీసు చేసేది 0.22 పిస్టల్‌తో. ఆ రౌండ్ గరిష్ఠ ఒత్తిడి 24,000, అంటే బావమరిదిగారి 0.32 కంటే ఎక్కువే. మరి నా పిస్టల్ ఎందుకు జిడ్డు పట్టిపోతుంది? నా లెక్క ప్రకారం అసలు దోషి గుండు. రాగి తొడుగు లేని సీసం, దానిమీద మైనం పూత. మైనం కరిగి పొగవుతుంది, వేడి వాయువులు సీసాన్ని గీరుకుపోతాయి. రెడ్డిగారూ, మీవి తొడుగు లేని సీసం గుళ్లే కదా?

కావలి_రెడ్డి:
అవును, బూడిదరంగు గుండే. మా వాడివి రాగి రంగువి.

ఒంగోలు_షూటర్:
ఇక చెప్పేదేముంది! మందు మీద నింద ఎందుకు?

పాత_ఆర్మరర్_నెల్లూరు:
తమ్ముడూ, నీ 0.22 మాట బాగుంది, కాదనను. కానీ అందులో ఇంకో సంగతి ఉంది. ఆ బుల్లి కేసులో మందు చాలా తక్కువ. ప్రైమర్ మందు, అంటే దెబ్బ తగలగానే అంటుకుని అసలు మందును రాజేసేది, కేసు అడుగు అంచులో చుట్టూ పరిచి ఉంటుంది. మందుతో పోలిస్తే ప్రైమర్ వాటా పెద్దది, దాని బూడిద గ్యాస్‌గా మారి పోదు. తొడుగున్న గుండుకైనా చాలావాటికి అడుగున సీసం బయటికే ఉంటుంది, అక్కడా కొంత ఆవిరవుతుంది. తొడుగు ఉంటే శుభ్రం అనేది సగమే నిజం.

నల్లమల_అంచు:
మీరంతా సుఖపడినవాళ్లు. పంట కాపలాకి లైసెన్సు ఉన్న మా నాయన తుపాకి మూతివైపు నుంచి మందు కూరేది. నల్ల తుపాకిమందు మండితే బరువులో సగానికి పైగా ఘన పదార్థంగానే మిగులుతుంది. కాల్చిన రోజే వేడినీళ్లతో కడగకపోతే తెల్లారేసరికి తుప్పు. మీరు మసి అంటున్నది మాకు లెక్కలోకే రాదు.

పాత_ఆర్మరర్_నెల్లూరు:
వేడినీళ్లు కొన్ని పాత తూటాలకూ అవసరమే. పాతకాలం ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలే పొటాషియం క్లోరైడ్ ఉప్పులాగే తేమను లాక్కుంటుంది. నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. సముద్రపు గాలి తగిలే కావలిలో దాన్ని వదిలేస్తే బారెల్ సంగతి అంతే. ఇప్పటివాటిలో సాధారణంగా సీసం, బేరియం, ఆంటిమొనీ లవణాలు వాడుతున్నారు, తుప్పు బెడద తగ్గింది. కాకపోతే సీసం ఉంది కాబట్టి తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు.

కోర్టు_కాకి:
వకీలుగా ఒక చిన్న ప్రశ్న. మసి రాని రౌండ్ కాలిస్తే చేతిమీద ఆనవాళ్లు దొరకవా?

సూళ్లూరుపేట_కుర్రాడు:
కంటికి కనిపించే మసి వేరు సార్. ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వెతికేది ప్రైమర్ నుంచి వచ్చే సీసం, బేరియం, ఆంటిమొనీ కలిసిన సూక్ష్మ కణాలను. మసి తక్కువైనంత మాత్రాన అవి లేవని కాదు.

కావలి_రెడ్డి:
అంతా బానే ఉంది. కానీ నా దగ్గర అదే రకం రెండు బ్యాచ్‌లున్నాయి. అదే రివాల్వర్, అదే సీసం గుండు. పాత బ్యాచ్ అంత నల్లబడలేదు. దీనికి ఏమంటారు? ఇక్కడ నాసిరకం అన్న మాట తప్పించుకోలేరు.

పాత_ఆర్మరర్_నెల్లూరు:
ఇది గట్టి ప్రశ్న. బ్యాచ్ మారితే మందు రకం మారి ఉండొచ్చు. మూతి దగ్గర మంట తగ్గించడానికి పొటాషియం లవణాలు కలిపిన మందులున్నాయి, మంట తగ్గినా పొగ పెరుగుతుంది. అది లోపం కాదు, అలా కావాలనే చేస్తారు. గుండును కేసు పట్టి ఉంచే బిగువు తగ్గినా ఒత్తిడి పుంజుకోకముందే గుండు కదిలిపోతుంది. ఇది మాత్రం తయారీ లోపమే. తేమ తగిలిన రౌండ్లదీ దాదాపు ఇదే కథ.

మసి చూసి తీర్పు చెప్పకండి, శబ్దం వినండి. ఒక్క రౌండైనా తుస్సుమంటే ఆపండి. గుండు బారెల్లో ఇరుక్కుని ఉంటే తర్వాతి రౌండ్‌కి తుపాకి చేతిలోనే పగులుతుంది. దించి, ఖాళీ చేసి, బారెల్ చూశాకే ఏదైనా.

కావలి_రెడ్డి:
తుస్సు ఏమీ లేదు, శబ్దం రెండు బ్యాచ్‌లకీ ఒకేలా ఉంది. అయినా డీలర్‌ని అడుగుతా.

ఒంగోలు_షూటర్:
అడగండి. రెండు బ్యాచ్‌ల ఖాళీ కేసులూ కలపకుండా విడివిడిగా పట్టుకెళ్లండి. కొత్త రౌండ్లు కొనేటప్పుడు చాలాచోట్ల ఎలాగూ అడుగుతారు. వీలైతే ఫొటో పెట్టండి, కేసు బయట మసి ఎంతవరకు పాకిందో చూసి మిగతా పోట్లాట పోట్లాడుకుందాం.