మూత మీద గుంటలు, ప్రెషర్ పెంచితే ఫ్లాష్: ముందు దేన్ని పట్టుకోవాలి?

ప్రశ్న (మెకానికల్ విద్యార్థిని, చివరి సంవత్సరం):
ప్రాజెక్టు కోసం ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను మౌల్డ్ (అచ్చు)లోకి నెట్టి, చిన్న డబ్బా మూత తయారు చేస్తున్నాం. అల్యూమినియం మౌల్డ్, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గింజలు, అవి కరిగే బ్యారెల్ వేడి 220 డిగ్రీలు. మూత మందం 2 మిల్లీమీటర్లు, లోపల బలం కోసం పెట్టిన రిబ్బులూ (నిలువు పట్టీలు) అంతే మందం. రిబ్బు ఉన్న చోటల్లా పైవైపు గుంట పడుతోంది. ఇంజెక్షన్ ప్రెషర్ పెంచితే గుంట కొంత తగ్గుతుంది కానీ ఒక మూల ఫ్లాష్ (మౌల్డ్ సందులోంచి బయటికి వచ్చే పలుచని ప్లాస్టిక్ పొర) వస్తోంది.

ల్యాబ్ సీనియర్:
వేడి 240కి పెంచి చూడండి. ప్లాస్టిక్ తేలిగ్గా పారుతుంది.

మౌల్డ్ మేకర్, బాలానగర్:
వేడి జోలికి పోవద్దమ్మా. పలుచబడితే ఫ్లాష్ ఇంకా పెరుగుతుంది, గుంట కూడా తగ్గదు. మీకున్నవి రెండు వేరు వేరు జబ్బులు.

ముందు ఫ్లాష్ సంగతి. హోల్డింగ్ (మౌల్డ్ నిండాక కూడా ప్రెషర్‌తో నొక్కి ఉంచడం) పూర్తిగా తీసేసి, మూత కాస్త నిండకుండానే ఒక షాట్ కొట్టండి. అప్పుడూ ఆ మూల ఫ్లాష్ వస్తే తప్పు ప్రెషర్‌ది కాదు, అక్కడ మౌల్డ్ ముఖాలు కలవడం లేదు. నీలం రంగు పూసి మూసి చూస్తే ఎక్కడ అంటలేదో తెలిసిపోతుంది. శుభ్రం చేసేటప్పుడు ఇనుప స్క్రూడ్రైవర్ వాడకండి, అల్యూమినియం మీద గీత పడితే అక్కడా ఫ్లాషే.

గుంటకు మందు ఇంజెక్షన్ ప్రెషర్ కాదు, హోల్డింగ్. సుమారు 95 శాతం నిండగానే హోల్డింగ్‌కు మార్చండి. తర్వాత హోల్డింగ్ సమయం ఒక్కో సెకను పెంచుతూ ప్రతి మూతనూ తూకం వేయండి. బరువు పెరగడం ఆగిందంటే గేటు (ప్లాస్టిక్ మూతలోకి వెళ్లే సన్నని దారి) గడ్డకట్టినట్టే, ఆపైన ఎంతసేపు నొక్కినా లోపలికి ఏమీ పోదు. బ్యారెల్‌లో ప్లాస్టిక్‌ను నెట్టే స్క్రూ ముందు కాస్త ప్లాస్టిక్ మిగులుతోందా అన్నదీ చూడండి. అది లేకపోతే హోల్డింగ్ ప్రెషర్ మూతదాకా చేరదు.

విద్యార్థిని:
సార్, నిండని షాట్‌లోనూ ఫ్లాష్ వచ్చింది! అదే మూల మౌల్డ్ ముఖం మీద పాత ప్లాస్టిక్ పొర అంటుకుని ఉంది, తీసేశాక ఫ్లాష్ పోయింది. బరువు 6 సెకన్ల దగ్గర నిలిచింది. గుంటలు బాగా తగ్గాయి కానీ వెలుతురులో ఇంకా కనిపిస్తున్నాయి.

మౌల్డ్ మేకర్, బాలానగర్:
మంచి పని చేశారు. మిగిలింది డ్రాయింగులో ఉంది. రిబ్బు మొదట్లో మందం గోడ మందంలో 50, 60 శాతం ఉంటే చాలు, అంటే మీకు 1 నుంచి 1.2 మిల్లీమీటర్లు. మౌల్డ్‌లో రిబ్బంటే గాడి. గాడిని వెడల్పు చేయడం సులువు, ఇరుకు చేయాలంటే లోహం చేర్చాలి. అందుకే మేము ఎప్పుడూ సన్నగా మొదలుపెడతాం. రిబ్బుల చోట ఇన్సర్టు (విడిగా చేసి బిగించే లోహపు ముక్క) వేయించే వీలుంటే అదే సరైన దారి. సమయం లేకపోతే పైముఖం తయారయ్యే వైపు సన్నని గరుకు టెక్స్చర్ వేయించండి, ఆ కాస్త గుంట కంటికి ఆనదు.