ఇద్దరు పెంచే బిడ్డకు చట్టం దృష్టిలో ఒక్కరే తల్లి: దత్తతకు ముందు ఒక సందేహం

ప్రశ్న: విశాఖ వాసి

నేనూ నా సహచరీ ఏడేళ్లుగా ఒకే ఇంట్లో కలిసి జీవిస్తున్నాము. ఇద్దరమూ ఉద్యోగస్థులమే; ఇల్లు ఆమె పేరు మీద ఉంది. ఒక పాపను దత్తత తీసుకోవాలన్నది మా చిరకాల కోరిక. జంటగా దరఖాస్తు చేసుకునే వీలు లేదని తెలుసు కనుక, నేను ఒంటరి మహిళగా చేసుకోవాలనుకుంటున్నాను. నా భయం దత్తత దొరుకుతుందా లేదా అని కాదు. రేపు నాకేదైనా జరిగితే, పాపను ఎత్తుకుని పెంచిన ఆమెను చట్టం పరాయి మనిషిగా చూస్తుందా? మా అన్నదమ్ములు వచ్చి పాపను తీసుకుపోతామంటే ఆమె ఏ కాగితం చూపించాలి?

జవాబు: న్యాయవాది, విజయవాడ

అమ్మా, మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. చాలామంది దత్తత అయిపోయాక అడుగుతారు. 2015 నాటి బాల న్యాయ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా దత్తత తీసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి మాత్రం ఆ చట్టం కింద ఆడపిల్లను ఇవ్వరు. జంట విషయానికి వస్తే, రెండేళ్ల స్థిరమైన వైవాహిక బంధం ఉండాలని 2022 దత్తత నిబంధనలలోని 5(3) చెబుతోంది. స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు కోరిన వ్యాజ్యంలో 2023 అక్టోబరు 17న తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఈ నిబంధన దగ్గర చీలిక వచ్చింది. (ఆ వ్యాజ్యం వేసిన సుప్రియో, అభయ్ జంట మన హైదరాబాద్ వాసులే.) పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో అయిదుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట. దత్తత దగ్గర మాత్రం నిబంధన చెల్లదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అనగా, మిగిలిన ముగ్గురూ దానిని నిలబెట్టారు. పునఃసమీక్ష పిటిషన్లను కూడా 2025 జనవరిలో కొట్టివేశారు.

అందువల్ల పాపకు చట్టరీత్యా తల్లి మీరొక్కరే అవుతారు. మీ తదనంతరం పాప సంరక్షణ మీ సహచరికి దక్కాలని వీలునామాలో స్పష్టంగా, కారణాలతో సహా రాయండి. అంతమాత్రాన ఆమెకు హక్కు స్థిరపడిపోదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద ఆమె కోర్టుకు వెళ్లాలి. కోర్టు బిడ్డ సంక్షేమాన్నే ముఖ్యంగా చూస్తుంది. అయితే మరణించిన తల్లి లేదా తండ్రి కోరికను కూడా పరిగణించాలని అదే చట్టం 17వ సెక్షన్‌లో ఉంది కనుక, మీరు రాసిన నాలుగు వాక్యాలు ఆ రోజున ఆమెకు పెద్ద ఆధారమవుతాయి. బడి రుసుము రశీదులు, ఆసుపత్రి కాగితాలు కొన్నయినా ఆమె పేరుతో ఉండేలా ఇప్పటినుంచే చూసుకోండి.

మీరు అడగనిది ఒకటుంది. ఇల్లు ఆమెదన్నారు. ఆమె వీలునామా రాయకుండా కన్నుమూస్తే ఆ ఇల్లు ఆమె పుట్టింటివారికి పోతుంది. మీకు గానీ పాపకు గానీ అందులో గది కూడా మిగలదు. కాబట్టి వీలునామాలు రెండు కావాలి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డంకి లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది గానీ, నామినీ అంటే వారసుడు కాదని మరువకండి.

చివరగా, ఇంటి పరిశీలనకు వచ్చే అధికారి దగ్గర అబద్ధం చెప్పవద్దు. పెళ్లి లేకుండా భాగస్వామితో కలిసి ఉంటున్న ఒంటరి దరఖాస్తుదారుల విషయంలో కేంద్ర దత్తత సంస్థ 2022లో అభ్యంతరం తెలుపుతూ సర్క్యులర్ ఇచ్చింది. దరఖాస్తుకు ముందే ఒక న్యాయవాదిని నేరుగా కలవండి.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు

నా మాట కటువుగా ఉంటే మన్నించండి. ఆ నిబంధన ఊరికే పెట్టినది కాదు. భార్యాభర్తలు విడిపోతే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి, పోషణ ఎవరు భరించాలి అన్నది చట్టంలో ఉంది. పెళ్లి కాని జంట విడిపోతే ఆ బిడ్డకు దిక్కెవరు? తీర్పులో ముగ్గురు న్యాయమూర్తులు చూసింది కూడా ఈ సంగతే.

జవాబు: ఇద్దరు పిల్లల తండ్రి, వరంగల్

మాస్టారూ, ఆ రక్షణ వారికి లేకపోవడానికి కారణం వారికి పెళ్లి లేకపోవడం. పెళ్లి లేకపోవడానికి కారణం చట్టం ఒప్పుకోకపోవడం. తలుపు మూసినవారే లోపలికి ఎందుకు రాలేదని అడిగితే ఎలా? ఒక్కతే ఉన్న మహిళకు బిడ్డను అప్పగించడానికి అభ్యంతరం లేని చట్టం, అదే ఇంట్లో ప్రేమగా చూసే రెండో మనిషి ఉంటే మాత్రం వెనకాడడం నాకు అర్థం కాదు. పైగా నిబంధనను నిలబెట్టిన జస్టిస్ భట్ కూడా, ఒంటరిగా దత్తత తీసుకుని తరువాత పెళ్లి లేని బంధంలో కలిసి బతికేవారి పిల్లలు ప్రయోజనాలు కోల్పోతారన్న ఆందోళన వ్యక్తం చేశారు. అంటే ఆ పిల్లలు ఉన్నారని కోర్టుకూ తెలుసు.

జవాబు: ప్రవాసాంధ్రురాలు, అమెరికా

ఇక్కడ 2015 జూన్ నుంచి స్వలింగ జంటల పెళ్లికి దేశమంతటా గుర్తింపు ఉంది. జనన ధ్రువపత్రంలో ఇద్దరి పేర్లూ రాయాలని 2017లో ‘పవన్’ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. (పేరు చూసి మనవాళ్ల కేసనుకున్నాను, కాదు.) అయినా కనని తల్లి చేత కోర్టులో దత్తత కూడా చేయించుకోమని మా న్యాయవాది పట్టుబట్టింది. జనన ధ్రువపత్రాన్ని ఎవరైనా సవాలు చేయవచ్చు, కోర్టు తీర్పును ఏ రాష్ట్రమైనా గౌరవించాలి అన్నది ఆమె వాదన. సొంత బిడ్డను దత్తత తీసుకోవడమేమిటని నా భార్య ఆ రోజంతా కోపంగానే ఉంది. సంతకం మాత్రం చేసింది. అక్కా, మీరు కూడా కాగితం దగ్గర మొహమాటపడకండి.

మళ్లీ విశాఖ వాసి

అందరికీ ధన్యవాదాలు. ఇల్లు సంగతి మాకు తోచనే లేదు. నిన్న రాత్రి ఇద్దరమూ కూర్చుని రెండు చిత్తుప్రతులు రాసుకున్నాము. సాక్షి సంతకం పెడతానని మా అమ్మ అంది. ఇన్నేళ్లుగా నా సహచరిని ఆమె ‘మీ స్నేహితురాలు’ అనే పిలుస్తోంది. న్యాయవాది గారూ, వీలునామాలో ‘స్నేహితురాలు’ అని రాయమంటారా, ‘సహచరి’ అని రాయమంటారా?

న్యాయవాది, విజయవాడ

‘సహచరి’ అనే రాయండి. ఏడేళ్లుగా కలిసి ఉంటున్న సంగతి కూడా చేర్చండి. తనకు నచ్చిన భాగస్వామిని ఎంచుకునే హక్కు వయోజనురాలికి ఉందని 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే, ఇద్దరు మహిళల విషయంలో, చెప్పింది. సాక్షులు ఇద్దరు కావాలి. అమ్మగారు కాక రెండో వారు మీకన్నా వయసులో చిన్నవారైతే మంచిది.